మహారాజశ్రీ సర్టిఫికెట్ గారి దివ్య సముఖమునకు

పర్లాకిమిడి బజారులో జిరాక్స్, లామినేషన్ దుకాణం నడుపుకొనేవాడు సవినయంగా వ్రాసుకొన్న విన్నపం.

అయ్యా,

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. మెషిన్‌లో పచ్చ లైటు వెలిగేదాకా ఆగి, మిమ్మల్ని ప్లాస్టిక్ పౌచ్‌లో మూల తప్పకుండా సర్ది, బుడగ రాకుండా ఊపిరి బిగబట్టి లోపలికి పంపేది మాత్రం నేనే. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం వాదించిన ఊరిలో పుట్టి ఇంత ఇస్త్రీ మడత భాషలో వ్రాయడమేమిటని తమరు అడగవచ్చు. మీ బంగారు అంచు, కింద ఆ రెండు సంతకాలు, మూలన ఆ క్యూఆర్ కోడు చూసేసరికి నాకు వాడుక మాట నోటికి రాలేదు.

మా తమ్ముడి కూతురు బీకాం పూర్తి చేసిన ఏడాదిలోనే ఆన్‌లైన్ కోర్సుల పుణ్యమా అని మీరు మా ఇంటికి పదిహేడుసార్లు వేంచేశారు. ఎక్సెల్ పేరుతో ఒకసారి, డిజిటల్ మార్కెటింగ్ పేరుతో ఒకసారి, జీఎస్టీ పేరుతో రెండుసార్లు వచ్చారు. మూడు గంటల వీడియోతో నాయకత్వ లక్షణాలు నేర్పినట్లు ధ్రువీకరిస్తూ మరొకసారి దయచేశారు. ఇంట్లో తమ్ముడి చేత మంచినీళ్ల బిందె కూడా ఎత్తించలేని పిల్ల నాయకురాలైందని మీరు సెలవిచ్చాక కాదనడానికి మేమెంతవారం? పదిహేడింటికీ నేనే లామినేషన్ చేశాను, ఆ ఫైలు పట్టుకొని అమ్మాయి విశాఖపట్నంలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లింది. అక్కడి పెద్దమనిషి కాగితాలను పేకముక్కల్లా తిప్పి, "ఒక్క నెల జీఎస్టీ రిటర్ను అయినా నీ చేత్తో దాఖలు చేశావా అమ్మా?" అని అడిగారట. ఎలా దాఖలు చేయాలో నేర్చుకున్నానని ఇది చెప్పిందట. ఆయన ఫైలు మూశారు. "ప్లాస్టిక్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు పెదనాన్నా" అంది ఇంటికి వచ్చి.

ఆ తరువాత అమ్మాయిని మా వీధి చివరి ఆడిటరు గారి ఆఫీసులో రెండు నెలలు కూర్చోబెట్టాము. దానిని ఇంటర్న్‌షిప్ అంటారని ఆయనకు కూడా తెలియదు. టీ, టిఫిను, నెలకు 2,000 రూపాయలు ఇస్తానన్నారు. మూడవ రోజున రంగు డబ్బాల వ్యాపారి ఒకరి బిల్లులు దీని ముందు పడ్డాయి. అందులో ఒక బిల్లు సరుకును ఆ వ్యాపారి తన వ్యానులోనే పాతపట్నం దుకాణానికి చేర్చాడు. పాతపట్నమంటే మాకు ఆటో ఎక్కి కూరగాయలకు వెళ్లి వచ్చే చోటు కాబట్టి మా పిల్ల ఏమాత్రం అనుమానించకుండా, ఒకే రాష్ట్రంలో అమ్మినట్టుగా పన్నును కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం అని రెండు గడులలో పంచేసింది. ఆడిటరు గారు ఏమీ అనకుండా కొనుగోలుదారు జీఎస్టీ నంబరులోని మొదటి రెండు అంకెల మీద వేలు పెట్టారు: 37. తరువాత అమ్మకందారు నంబరు మీద పెట్టారు: 21. ఒకటి పాతపట్నం ఉన్న ఆంధ్ర, ఒకటి మా ఊరున్న ఒడిశా. అంటే పన్ను శాఖ లెక్కలో అది అంతర్రాష్ట్ర అమ్మకం, పడవలసింది రాష్ట్రం దాటిన సరుకు మీద వేసే ఐజీఎస్టీ. ఆ నెల 11వ తేదీన అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్నులో అది అలాగే వెళ్లి, 20వ తేదీన పన్ను కట్టే 3బి రిటర్నులో పన్ను కూడా అలాగే కట్టి ఉంటే, ఆ వ్యాపారి సరైన పద్దులో మళ్లీ కట్టుకొని తప్పు పద్దులో కట్టినదాని వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది. ఆ సాయంత్రం వాళ్ల నాన్న మందుల దుకాణం బిల్లు తెస్తే అందులో కూడా మొదటి రెండు అంకెలే చూసింది. జీఎస్టీ పేరుతో మీరు రెండుసార్లు వచ్చారు కదా, తమరు ఈ మాట చెప్పలేదా అని అడిగాను. చెప్పారట, నాలుగవ వీడియోలో. అది ఒకటిన్నర వేగంతో చూసిందట.

మీ వంశంలో అందరినీ ఒకే గాటన కట్టే పాపం నాకు వద్దు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల ఎన్‌పీటీఈఎల్ శాఖ వారు పరీక్షా కేంద్రానికి పిలిచి పరీక్ష పెట్టి, మార్కులలో 75 శాతం దానికే ఇస్తారు. కంప్యూటర్ నెట్‌వర్కు పనికి సిస్కో కంపెనీ వారిచ్చే సీసీఎన్‌ఏకు నిజంగానే చదవాలి. పైగా మూడేళ్లకు కాలం చెల్లుతుందని ఆయన ముందే ఒప్పుకొంటారు. నేను వేసిన ప్లాస్టిక్ మాత్రం అంతకు ఎన్నో రెట్లు బతుకుతుంది, అది వేరే సంగతి.

ఇంతకీ మిమ్మల్ని మా సరిహద్దు పిల్లలు ఎందుకు ఇంతగా కొలుస్తారో తమరికి తెలుసా? 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, తెలుగు మాత్రం మా ఇళ్లలోనే ఉండిపోయింది. ఇక్కడ సర్కారు కొలువుకు ఏడవ తరగతి దాకా ఒడియా చదివావా అంటారు. అటు దాటితే నాన్ లోకల్ అంటారు. మీరొక్కరే ఏ ఊరని అడగకుండా రాత్రి పదకొండు గంటలకు ఫోనులోనే దర్శనమిస్తారు. ఇంటర్న్‌షిప్ అలా రాదు. దాని కోసం మనమే హైదరాబాదుకో భువనేశ్వరానికో పోవాలి. 2024లో కేంద్రం ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టినప్పుడు నెలకు ఇస్తామన్నది 5,000 రూపాయలు, ఏడాది పాటు. హైదరాబాదు హాస్టల్లో మంచానికి, మెస్సుకు అది ఎంతవరకు వస్తుందో ఆ లెక్క వేయడానికి ఎక్సెల్ సర్టిఫికెట్ అక్కరలేదు. అప్రెంటిస్‌షిప్ అయితే కొంత నయం. 1961 నాటి చట్టం ఉంది, 2019 నాటి నిబంధనలలో డిగ్రీ వారికి నెలకు కనీసం 9,000 అని వ్రాశారు. అయితే ఆ మాట తెలిసిన పిల్లలు నా కౌంటరు దగ్గర అరుదుగా కనిపిస్తారు. మీ పేర్లు మాత్రం అందరికీ కంఠస్థం.

కాబట్టి మీరు గెలవడం మీ గొప్పతనం కాదు, బస్సు చార్జీ చలవ. అంతవరకు నాకు మీ మీద కోపం లేదు. కోపమంతా ఈ మధ్య తమరు వేస్తున్న కొత్త వేషం మీదనే. మొన్న ఒక కుర్రవాడు ప్రింటు కోసం ఫోను ఇచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో ఇంటర్న్‌షిప్ అని ఉంది, కింద "విజయవంతంగా పూర్తి చేసినందుకు" అని ఉంది. ఎక్కడ చేశావు బాబూ అన్నాను. వాట్సాప్‌లో అన్నాడు. పని చెప్పిన వాళ్లెవరు అన్నాను. పని లేదండీ, 499 రూపాయలు కడితే నెలాఖరుకు ఇది పంపారు అన్నాడు. పని నేర్చుకొనే వాడికి ఎదురు డబ్బు పుచ్చుకొని, పని లేకుండానే పని చేశాడని వ్రాసి ఇవ్వడం మా ఊరి రాజావారి కాలంలో కూడా ఎవరికీ తట్టిన ఆలోచన కాదు. గిడుగు పంతులు గారు సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనుకొన్నప్పుడు ఒక సవరను ఇంట్లో ఉంచుకొని, ఆయన నోట విని నేర్చుకొన్నారు. ఇప్పుడైతే ఆ సవర పేరుతో మీరే వచ్చి, ఎనిమిది వారాలు పూర్తయినవి అని చెప్పి వెళ్లిపోయేవారు.

మా అమ్మాయికి ఉద్యోగం ఇంకా రాలేదు. నిన్న బయోడేటా కొత్తగా టైపు చేయించుకొని వెళ్లింది. పదిహేడు పేర్లలో మూడు ఉంచి, మిగిలిన చోట రెండు నెలల్లో ఎంతమంది వ్యాపారుల రిటర్నులు ముట్టుకొన్నదో, అందులో ఎన్ని తప్పులు తానే చేసి తానే దిద్దిందో వ్రాయించింది. తప్పులు ఎందుకమ్మా అంటే, వాళ్లు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నవి అవే కదా అంది.

తీసేసిన పద్నాలుగింటినీ మా దుకాణంలోనే, పౌచ్ డబ్బాల వెనుక భద్రపరచాను. ఒక్కొక్కదానికి 20 రూపాయల చొప్పున మొత్తం పదిహేడింటికి లామినేషన్ ఖర్చు 340 రూపాయలు మా తమ్ముడి పద్దులో బాకీగా ఉంది. తమరు ఈ ప్రాంతానికి వేంచేసినప్పుడు చిల్లరతో సహా చెల్లించి, మీ వారిని తీసుకొని వెళ్లగలరు.

ఇట్లు,
తమ విధేయుడైన లామినేషన్‌వాడు
పర్లాకిమిడి, గజపతి జిల్లా