సవరణ: జర్మన్ ట్యూబా వయసు, వెల

బెల్ (విచ్చుకున్న వెడల్పాటి నోరు) మీద ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఉన్న, రోటరీ వాల్వుల (మీట నొక్కితే తిరిగి గాలి దారి మార్చే కవాటాల) ట్యూబా అనే పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యం రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదేనని, అందువల్ల వెల ఎక్కువని గత వ్యాసంలో ఉన్న మాటను సవరించి చదవగలరు. 1887 నాటి బ్రిటిష్ వాణిజ్య ముద్రల చట్టంతో వాడుకలోకి వచ్చిన ఆ ముద్ర యుద్ధం తరువాత కూడా కొనసాగింది కాబట్టి, అదొక్కటే కాలాన్ని తేల్చదు. ‘జి.డి.ఆర్.’ (జర్మన్ డెమొక్రాటిక్ రిపబ్లిక్) అని ఉంటే మాత్రం అది 1949, 1990ల మధ్య తూర్పు జర్మనీలో తయారైనది.

బెల్ మీద చెక్కిన పేరు తయారీదారుదే అనుకోవడమూ సరికాదు. సాక్సనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ పరిసరాల కార్ఖానాలు, అమ్మే దుకాణాల పేర్లు చెక్కి విదేశాలకు పంపిన వాద్యాలు చాలానే ఉన్నాయి.

వెల విషయంలో వయసు కంటే శ్రుతి (వాద్యం ఏ స్వరానికి కట్టినదన్నది), వాల్వుల బిగువు ముఖ్యం. ఎఫ్ స్వరానికి కట్టిన ట్యూబా మూల గొట్టం (వాల్వులు నొక్కనప్పుడు గాలి వెళ్లే దారి) సుమారు 12 అడుగులు, బి ఫ్లాట్‌ది సుమారు 18 అడుగులు ఉంటుంది గనుక టేపుతో కొలిచినా తేడా తెలుస్తుంది. వాల్వు మీట నొక్కకుండా దాని స్లయిడ్‌ను (జారే గొట్టాన్ని) కొంచెం బయటికి లాగి, ఆపైన మీట నొక్కితే ‘టప్’మని శబ్దం రావాలి, రాకపోతే గాలి ఎక్కడో కారుతోందన్నమాట, రోటరు (వాల్వులో తిరిగే భాగం) అరిగి ఉంటే ఆ మరమ్మతు ఖర్చు కొన్నిసార్లు వాద్యం వెలనే మించిపోతుంది. ఇత్తడిలో జింకు కరిగిపోయి లోపలి నుంచి పైకి తేలే ఎర్రటి మచ్చలు, ముఖ్యంగా మౌత్‌పీస్ అమరే గొట్టం మీద కనిపిస్తే, మెరుగు పెట్టించినంత మాత్రాన పోవు.