టోక్యోలో అమెరికా రాయబారి: మనిషి మారినా పీఠం మారలేదు

జపాన్‌లో అమెరికా రాయబారుల చరిత్ర చెప్పేవారు ఎడ్విన్ రైషావర్ దగ్గర ఆగి ముచ్చటపడటం ఆనవాయితీ. 1910లో టోక్యోలోనే పుట్టి, హార్వర్డ్‌లో జపాన్ చరిత్ర బోధించిన ఆ పండితుణ్ణి 1961లో కెనెడీ ఏరికోరి పంపారు. అంతకుముందు దౌత్య కార్యాలయం దూరం పెట్టిన మేధావులతోనూ, కార్మిక నాయకులతోనూ ఆయన మాట్లాడారు. 1964లో కత్తిపోటుకు గురై, ఎక్కించిన రక్తం వల్ల కాలేయ వ్యాధి సోకినా, ఆ దేశంపై అభిమానాన్ని వదులుకోలేదు. ఇంతటి సజ్జనుడు కూడా ఆ పీఠం స్వభావాన్ని మార్చలేకపోయారన్నదే అసలు విషయం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్‌పై అమెరికా సారథ్యంలో సాగిన ఆక్రమణ 1952 ఏప్రిల్ 28న ముగిసింది గానీ, అదే రోజున అమలులోకి వచ్చిన భద్రతా ఒప్పందం పుణ్యమా అని అమెరికా సేనలు అక్కడే ఉండిపోయాయి. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి 1972 దాకా అమెరికా ఏలుబడిలోనే ఉంది. ఆక్రమణకు సారథ్యం వహించిన జనరల్ మెకార్థర్ అన్న కొడుకే 1957లో రాయబారిగా రావడాన్ని యాదృచ్ఛికమని సరిపెట్టుకుందాం. ఆయన ప్రధాని కిషితో కుదిర్చిన కొత్త ఒప్పందంపై 1960లో జనం వీధుల్లోకి వచ్చారు. హనేడా విమానాశ్రయం వద్ద నిరసనకారులు చుట్టుముట్టిన కారులోంచి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పత్రికా కార్యదర్శిని, ఆయనతో పాటు ఈ రాయబారిని సైనిక హెలికాప్టర్‌లో తప్పించవలసి వచ్చింది. అధ్యక్షుడి పర్యటన రద్దయింది, కిషి గద్దె దిగారు, ఒప్పందం మాత్రం నిలిచింది.

ఆ ఒప్పందం పాతదానికంటే మెరుగైనదనీ, దాని అండతోనే జపాన్ సంపన్నమైందనీ వాదించేవారున్నారు. అంతర్గత అల్లర్ల అణచివేతకు అమెరికా సేనల్ని దించవచ్చన్న నిబంధన తొలగిన మాట వాస్తవమే. అయితే రక్షణ కల్పించే సైన్యం గురించి ప్రజలకు నిజం చెప్పే స్వేచ్ఛ ప్రభుత్వానికి లేనప్పుడు, ఆ మెరుగుదల ఎవరి కోసం?

1963లో విదేశాంగ మంత్రి ఒహిరాను కలిసి, అణ్వాయుధాలున్న అమెరికా నౌకలు జపాన్ రేవులకు రావడం దేశంలోకి అణ్వాయుధాలను ప్రవేశపెట్టడం కిందికి రాదన్న అవగాహనను ఖాయం చేసుకున్నది మరెవరో కాదు, ఈ రైషావరే. హిరోషిమా, నాగసాకి గాయాలు మానని ప్రజలకు ఆ సంగతి తెలియనివ్వలేదు. 1981లో ఆయనే బయటపెడితే, జపాన్ ప్రభుత్వం కాదని బుకాయించింది. రహస్య అవగాహనలు ఉన్నాయని టోక్యో నియమించిన నిపుణుల సంఘం తేల్చేసరికి 2010 వచ్చింది. జపాన్‌ను ప్రేమించిన రాయబారి చేతనే ఈ పని చేయించింది అమెరికా సైనిక స్థావరాల అవసరమే.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టిన నెహ్రూ ప్రభుత్వం, విదేశీ సేనల కొనసాగింపుపైనా, ఒకినావా ఉన్న ర్యూక్యూ దీవులపైనా అభ్యంతరం చెప్పి జపాన్‌తో శాంతి ఒప్పందం కోసం జరిగిన 1951 శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకు వెళ్లలేదు. 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుంది. ఆ నిర్ణయాన్ని అమాయకపు ఆదర్శవాదమని ఎద్దేవా చేసే మన వ్యూహ నిపుణులు 1963 నాటి ఆ భేటీ గురించి ఒకసారి చదవాలి.