మహారాజశ్రీ మారుపేరు గారి దివ్యసముఖమునకు

ఉభయకుశలోపరి. తమ క్షేమం కనుక్కుందామంటే చిరునామా లేదు. మా క్షేమమంటారా, అది వెబ్‌సైట్ పాస్‌వర్డ్‌తో పాటు తమ వద్దే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం నుంచి తమ ఖాతా ఉన్నచోట ‘ఈ వినియోగదారు లేరు’ అన్న ముక్క మాత్రమే కనిపిస్తోంది. నా వెబ్‌సైట్ తయారుచేసినందుకు తమకు ఆఖరి వాయిదా సొమ్ము ముట్టిన వెంటనే ఈ అంతర్ధానం జరగడం కాకతాళీయమేనని నమ్మడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తున్నాను.

తమ ప్రొఫైల్‌లోని కార్టూన్ నక్కను ఏమీ అనను. ఐదు నక్షత్రాలనూ అనను. అవి ఇచ్చినవారికీ మొహాలు లేవు.

నా బాధల్లా అడగడానికి మనిషి లేకపోవడమే. ‘పాస్‌వర్డ్ మరచిపోయారా’ అన్నచోట నొక్కితే కోడ్ తమ ఈమెయిల్‌కే వెళుతోంది. ఫిర్యాదు ఫారంలో ‘పనిచేసినవారి పూర్తి పేరు’ అనే గడి నింపనిదే ముందుకు కదలదు. తమ నామధేయం రాస్తే, పేరులో అంకెలు చెల్లవంటోంది. నోటీసుకు చిరునామా కావాలి, దావాకు ప్రతివాది కావాలి. తమను కుదిర్చిన వేదికవారేమో, కమిషన్ పుచ్చుకున్న చేత్తోనే, తాము మధ్యవర్తులం మాత్రమేనని సెలవిచ్చారు.

తమ వంశం సామాన్యమైనది కాదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘జియా టాన్’ అనే పేరు రెండేళ్లకు పైగా వినయంగా పనిచేసి, నిర్వహణ హక్కులు సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి గుట్టు రట్టయింది గానీ, పేరు వెనుక మనిషి మాత్రం దొరకలేదు.

అలాగని పేరు దాచినవారందరూ దొంగలని నేననను. 1908లో ‘స్టూడెంట్’ పేరుతో అచ్చయిన వ్యాసం మీద గణాంకశాస్త్రం నేటికీ ఆధారపడుతోంది. అయితే ఆ స్టూడెంట్ ఎవరో ఆయనకు జీతమిచ్చిన గిన్నిస్ కంపెనీకి తెలుసు. లోకానికి తెలియకపోతే మునిగేదేమీ లేదు. తాళంచెవులు అప్పగించినవారికి తెలియాలి కదా!

ఇక మర్యాద నావల్ల కాదు. ఏమయ్యా, పేరు దాచుకో, మొహం దాచుకో, ఊరు దాచుకో, నాకు అక్కరలేదు. నా డబ్బుతో కొన్న డొమైన్, అంటే నా వెబ్‌సైట్ చిరునామా, నీ ఈమెయిల్ మీద రిజిస్టరై ఉంది. దాని గడువు తీరేలోగా నా పేరుకు మార్చు. నాకు పేరుంది, కావాలంటే ధ్రువీకరణ పత్రాలు కూడా పంపుతాను.