మాట ఒక్కటే, అర్థం జారిపోతే

ప్రాచీన భారతీయ తర్కగ్రంథమైన న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన వ్యాఖ్య న్యాయభాష్యంలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. ఒక కుర్రాడు నవకంబళం కలవాడని ఒకరు అంటే, ‘అతని దగ్గర ఉన్నది ఒక్కటే కదా, తొమ్మిది ఎక్కడివి?’ అని ఎదుటివాడు ఖండిస్తాడు. చెప్పినవాడి ఉద్దేశం కొత్త కంబళి. ఖండించినవాడు ‘నవ’ శబ్దాన్ని సంఖ్యగా పట్టుకున్నాడు. గౌతముడి న్యాయసూత్రాలు మూడు విధాలుగా చెప్పిన ఛలంలో, అంటే ఎదుటివాడి మాటకు వేరే అర్థం అంటగట్టి ఖండించడంలో, మొదటిదైన వాక్ఛలం ఇదే. అరిస్టాటిల్ కూడా భాష వల్ల పుట్టే ఆభాసలను, అంటే సరైనవిగా కనిపించే తప్పుడు వాదనలను, ఆరుగా లెక్కించి వేరే వర్గంలో పెట్టాడు.

కంబళి వాదన ఎవరినీ ఎక్కువసేపు మోసగించలేదు. ప్రమాదమంతా అర్థాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్న మాటలతోనే. ‘శాస్త్రవేత్తకు తన ప్రయోగ ఫలితంపై నమ్మకం, నాకు జ్యోతిషంపై నమ్మకం, రెండూ నమ్మకాలే కనుక రెండూ సమానమే’ అనే వాదనలో మొదటి నమ్మకం, విరుద్ధమైన రుజువు దొరికితే వదులుకోవలసినది, రెండోది రుజువుతో నిమిత్తం లేనిది. ‘నమ్మకం’ అన్న మాట తీసేసి ఆ రెండు అర్థాలనూ విడివిడిగా రాసి చూస్తే వాదన అక్కడే కూలిపోతుంది. ‘సహజమైనది కాబట్టి హాని చేయదు’ అన్నదీ ఇలాంటిదే. ఆర్సెనిక్ కూడా ప్రకృతిలో దొరికేదే.

అస్పష్టత సంగతి వేరు. ఇక్కడ మాటకు అర్థం ఒక్కటే, హద్దే లేదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు తాత్వికుడు యూబులిడీస్ పేరుతో వినిపించే ధాన్యపు రాశి చిక్కు దీని గురించే: ఒక్క గింజ తీసినంత మాత్రాన రాశి రాశి కాకుండా పోదు కనుక, ఒక్కొక్కటే తీస్తూ పోతే చివరికి మిగిలిన ఒక్క గింజా రాశే కావాలి. ‘త్వరలో తగిన చర్యలు తీసుకుంటాం’ అనే అధికారిక ప్రకటన ఈ హద్దులేమినే ఆసరా చేసుకుంటుంది. అది ఏ రోజునా అబద్ధమని తేలదు, అందుకే దాన్ని హామీగా లెక్కించకూడదని నా అభిప్రాయం.

అంతకన్నా హానికరమైనది, హద్దు కచ్చితంగా గీయలేరు కనుక అసలు తేడాయే లేదనే వాదన. 2017లో అమెరికా వైద్య మార్గదర్శకాలు అధిక రక్తపోటు గీతను 140/90 నుంచి 130/80కి దించాయి. గీత జరిగింది కాబట్టి జబ్బే కల్పితమని దీని నుంచి తేల్చేవారు మందులు మానేసే ప్రమాదం ఉంది. పై అంకె 129 ఉన్నవారికీ 130 ఉన్నవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేకపోవచ్చు. 115కూ 180కీ మధ్య ఉన్న తేడా మాత్రం గీత ఎక్కడ గీసినా అలాగే ఉంటుంది.