యూటీవీ ఒరిగితే చెయ్యి బయట పెట్టొద్దు

లాంగ్ వీకెండ్ వస్తే చాలు, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల నిండా రెంట్‌కి తీసుకున్న యూటీవీల ఫోటోలే, అంటే మట్టిదారుల్లో తిప్పే, పక్కపక్కన కూర్చునే చిన్న నాలుగు చక్రాల బళ్ళు. చాలా ఫోటోల్లో బెల్టులుండవు, ఒడిలో పిల్లలుంటారు. అదేంటండీ అంటే "చుట్టూ ఇనప పైపుల కేజ్ ఉందిగా, ఏం కాదు" అంటారు. మనిషి లోపల లేకపోతే ప్రాణం తీసేది ఆ కేజే.

ఈ బళ్ళకి వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ, కింద రాళ్ళు తగలకూడదని బాగా లేపి కడతారు కాబట్టి బరువంతా పైనే ఉంటుంది. వదులు మట్టిలో పక్కకి జారుతున్న టైరు ఏ గాడికో తగిలి ఠక్కున ఆగిందనుకోండి, టైరు ఆగుతుంది గానీ పైన బరువు ఆగదు, బండి పక్కకి పడిపోద్ది. తారు రోడ్డు మీద టైరు ఇంకా గట్టిగా పట్టేస్తుంది కాబట్టి అక్కడ షార్ప్ టర్న్ ఇంకా ప్రమాదం.

మేం స్లోగానే పోతాం అంటారా? 2009లో అమెరికా కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ యమహా రైనో అనే యూటీవీల ప్రమాదాలు 50కి పైగా పరిశీలిస్తే అందులో 46 మంది చనిపోయినట్టు తేలింది, మూడింట రెండొంతులకి పైగా బోల్తా కేసులే, వాటిల్లో చాలా చదును నేల మీద తక్కువ స్పీడులో మలుపు తిప్పుతూ పడినట్టే కనిపించాయి. యమహా అమ్మకాలు ఆపి, వెనక చక్రాల మధ్య ఎడం పెంచే స్పేసర్లు వేసి, సస్పెన్షన్‌లో వెనక ఉండే యాంటీ స్వే బార్ అనే కడ్డీ పీకేసి ఇవ్వాల్సి వచ్చింది.

బండి ఒరిగినప్పుడు ఎవరైనా సరే తెలీకుండానే నేలకి చెయ్యో కాలో అడ్డం పెట్టేస్తారు, ఆ పైన కేజ్ వచ్చి దాని మీదే పడుద్ది, చేతులు నుజ్జయ్యేది అలాగే. అందుకే పక్కన నెట్, డోర్ పెట్టేది, చేత్తో గ్రాబ్ బార్ పట్టుకోమనేది. ఇప్పుడు చాలా మోడల్స్‌లో డ్రైవర్ బెల్ట్ పెట్టకపోతే స్పీడు గంటకి 15 మైళ్ళు దాటనివ్వదు, దానికీ కొంతమంది బెల్ట్ వీపు వెనక నుంచి లాగి క్లిప్ పెట్టేస్తున్నారు, ఇది తెలివి కాదండీ, చేజేతులా ప్రాణం మీదకి తెచ్చుకోవడం.

ట్రిప్పులు ప్లాన్ చేసే పెద్దలకి నా రిక్వెస్ట్ ఒకటే, స్టార్ట్ చేసే ముందు ఒక్కొక్కరి బెల్టూ హెల్మెట్టూ మీరే చూడండి. వీపు సీటుకి ఆని, రెండు పాదాలూ ఫ్లోర్‌కి పూర్తిగా తగిలి, చేతికి బార్ అందితేనే పిల్లల్ని ఎక్కించండి, అందకపోతే డబ్బులు కట్టేసినా సరే ఎక్కించొద్దు, ఏడిస్తే కాసేపు ఏడుస్తారు.