జేజి నక్షత్రం, నిమ్రోదు పుట్టినరోజు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మా జమ్మలమడుగు వైపు క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. అందులో ఉండేవి నాలుగు మాటలు. డిసెంబర్ 25 మొదట నిమ్రోదు పుట్టినరోజు, తర్వాత రోమా వాళ్ళ సూర్యదేవుడి పండుగ. క్రిస్మస్ చెట్టు వద్దని యిర్మీయా ప్రవక్త ముందే చెప్పాడు. ఆదివారం ఆరాధన కాన్‌స్టంటైన్ చక్రవర్తి పెట్టింది. ఈస్టర్ అంటే బబులోను దేవత ఇష్తార్.

పోయిన ఏడు మా చిన్నాన్న కొడుకు దీన్ని జేజికి (నాయనమ్మకు) చదివి వినిపించాడు. జేజి ప్రతి ఏడూ వెదురు బద్దల నక్షత్రానికి కొత్త రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టించి, వాకిట్లో వేపచెట్టుకు కట్టిస్తుంది. ఆ రోజు అప్పటికే మైదా జిగురు ఉడికించి పెట్టుకుంది. అంతా విని గిన్నె పక్కకు జరిపింది. "అయితే ఇన్నేళ్ళూ నేను విగ్రహానికి దీపం పెట్టినట్టా నాయనా?" అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడు నక్షత్రం కట్టలేదు. ఆ బాధతోనే ఏడాదిగా చదివాను. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నిమ్రోదు సంగతి. ఆదికాండం 10వ అధ్యాయం తీయండి. అతను పరాక్రమం గల వేటగాడని, బాబెలు మొదలైన చోట్ల రాజ్యం చేశాడని కొన్ని వచనాల్లో ఉంది. పుట్టినరోజు మాటే లేదు. ఈ కథలు చాలావరకు 1850లలో స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ హిస్లప్ అనే పాదిరి రాసిన పుస్తకం నుంచి వచ్చాయి. రోమన్ కాథలిక్ ఆచారాలన్నీ బబులోనువేనని నిరూపించాలని ఆయన పట్టుదల. పేర్లు ఒకేలా వినిపిస్తే చాలు, చుట్టరికం కలిపేశాడు.

సూర్యదేవుడి మాట అలా కొట్టిపారేయలేం. క్రీ.శ. 274లో ఔరేలియన్ చక్రవర్తి రోమాలో సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజం. డిసెంబర్ 25 'అజేయుడి (అంటే సూర్యుడి) జన్మదినం' అని రాసి ఉన్న రోమా పంచాంగం కూడా ఉంది. కానీ అది 354 నాటిది. క్రీస్తు బేత్లెహేములో డిసెంబర్ 25న పుట్టాడని ఉన్నది కూడా అదే గ్రంథంలో. రెండు పండుగలకూ ఆ తేదీతో దొరికే పాత ఆధారం ఒక్క పుస్తకమే అయినప్పుడు, ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో అంత గట్టిగా ఎలా చెప్తారు? కొందరు ఆ మెసేజ్‌కు సాటర్నేలియా అనే ఇంకో రోమా పండుగ పేరు కూడా కలుపుతారు. ఆ పండుగ డిసెంబర్ 17న మొదలై 23కి ముగిసేది.

ఇంకో లెక్క ఉంది, దాన్ని మెసేజ్ చెప్పదు. ఔరేలియన్ కంటే ముందే, క్రీ.శ. 200 ప్రాంతంలో, ఆఫ్రికా రచయిత టెర్టులియన్ క్రీస్తు సిలువ రోజును మార్చి 25గా లెక్కగట్టాడు. క్రీస్తు తల్లి గర్భంలో పడిన రోజూ అదేనని తర్వాతి వాళ్ళు నమ్మారు. అగస్టీన్ అనే ఆఫ్రికా బిషప్ ఈ మాట స్పష్టంగా రాశాడు. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టండి. ఈ లెక్క వల్లే తేదీ వచ్చిందనే పండితులున్నారు, సూర్యుడి పండుగకు పోటీగా పెట్టారనే పండితులూ ఉన్నారు. బైబిల్లో తేదీ లేదు. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6న జరుపుకుంటుంది. ఈ పండుగ వద్దనుకున్న క్రైస్తవులు కూడా ఉన్నారు. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటే దీన్ని రద్దు చేసింది. కాబట్టి తేదీ లేఖనంలో లేదని ఎవరైనా పండుగ మానుకుంటే నాకు అభ్యంతరం లేదు. లేని నిమ్రోదును చూపించి ముసలామెను భయపెట్టడమే తప్పు.

చెట్టు విషయంలో యిర్మీయా 10వ అధ్యాయం 3, 4 వచనాలు చూపిస్తారు. అడవిలో చెట్టు నరకడం, వెండి బంగారాలతో అలంకరించడం, కదలకుండా మేకులతో బిగించడం. అచ్చం క్రిస్మస్ ట్రీ లాగే ఉంది కదా అంటారు. దయచేసి అక్కడ ఆగకండి, 5వ వచనం చదవండి. అవి మాట్లాడలేవు, నడవలేవు, ఎవరో ఒకరు మోయాలి అని ఉంది. 9వ వచనంలో వాటికి కట్టే నీలి రంగు బట్టలు కూడా కనిపిస్తాయి. చెక్కతో చెక్కి, రేకు తొడిగి, బట్ట కట్టి మొక్కే బొమ్మ గురించి ప్రవక్త మాట్లాడుతున్నాడు. ఆయన కాలం క్రీస్తుకు ఆరేడు వందల ఏళ్ళ ముందు. ఇంట్లో చెట్టు పెట్టే అలవాటు జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో పుట్టింది. 1605లో స్ట్రాస్‌బర్గ్ ఇళ్ళలో కాగితం గులాబీలు, ఆపిల్ పళ్ళు కట్టిన చెట్ల గురించి రాసిన మాటలు దొరుకుతాయి. మా చర్చిలో పెట్టేది సరుగుడు కొమ్మ. దానికి ఎవరూ మొక్కరు. పండుగ కాగానే పొయ్యిలోకి పోతుంది.

ఆదివారం సంగతికి పెద్దగా చదవక్కర్లేదు. 321లో కాన్‌స్టంటైన్ ఆ రోజు కోర్టులకు, పట్నాల్లో పనులకు సెలవు ఇచ్చాడు, అంతే. అంతకు నూట అరవై ఏళ్ళకు పైగా ముందే జస్టిన్ అనే ఆయన, క్రైస్తవులు ఆ రోజు కూడుకుని లేఖనాలు చదివి రొట్టె పంచుకుంటారని రాశాడు. వారం మొదటి రోజున శిష్యులు రొట్టె విరవడానికి కూడుకున్నారనే అపొస్తలుల కార్యములు 20:7 ఇంకా ముందుది. రోజు పేరులో సూర్యుడున్నాడంటారా, మన ఆదివారం కూడా ఆదిత్యుడి వారమే. ఆ రోజు చర్చికి పోయేవాళ్ళెవరూ సూర్యుడికి మొక్కడం లేదు.

ఈస్టర్, ఇష్తార్ అనేది ఇంగ్లీషు పేరు మీద ఆధారపడిన వాదన. ఆ ఇంగ్లీషు పేరు ఈయోస్ట్రె అనే దేవత పేరున్న నెల నుంచి వచ్చిందని 725లో బీడ్ అనే సన్యాసి రాశాడు. ఆమె బబులోను దేవత కాదు. పండుగ అంతకంటే చాలా పాతది. గ్రీకులో దాని పేరు పాస్కా, హెబ్రీ పెసహ్ నుంచి వచ్చింది. మన తెలుగు బైబిల్లో పస్కా అని ఉన్నది అదే మాట.

మొన్న ఆదివారం ఇదంతా జేజి పక్కన కూర్చుని చెప్పాను. యిర్మీయా 10 రెండుసార్లు చదివించుకుంది. తర్వాత, "నక్షత్రం మత్తయిలో ఉంది కదా?" అంది. రెండో అధ్యాయం తీసి చూపించాను. బద్దలు అటక మీదే ఉన్నాయి, ఒకటి విరిగింది. శనివారం ప్రొద్దుటూరు పోయి పసుపు కాగితం తెమ్మంది.