శాలువా కప్పాం, మాట వినలేదు

ఉగాది రోజున ఇక్కడ ఐర్లాండ్‌లో, మన తెలుగువాళ్ల హాల్లో జరిగింది నాకింకా మింగుడు పడటం లేదు. ముఖ్య అతిథిగా పిలిచిన ప్రజాప్రతినిధి రెండింటికి రమ్మంటే ఐదు నిమిషాల ముందే వచ్చారు. దీపం వెలిగించేసరికి మూడుంబావు. శాలువా, పూలగుత్తి, జ్ఞాపిక. కమిటీతో ఒక ఫోటో, స్పాన్సర్లతో ఒకటి, మహిళా విభాగంతో ఒకటి. ఆవిడ మైకు ముందుకొచ్చి మడిచిన కాగితం విప్పారు. మూడో వాక్యానికే, పిల్లల డాన్సుకు లేటవుతోందని పక్కనుంచి సైగ. ఆవిడ కాగితం మడిచేసి, నవ్వుతూ నమస్కారం పెట్టి దిగిపోయారు. పులిహోర ప్లేటు అందిస్తుంటే నన్ను ఒక్క మాట అడిగారు: "ఈ హాల్లో ఎంతమందికి ఓటు నమోదైంది?" నా దగ్గర జవాబు లేదు.

శాలువాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మా తాతగారు బడిపంతులు. రిటైరైన రోజు ఊళ్లోవాళ్లు కప్పిన శాలువాను కలరా ఉండలు వేసి బీరువాలో దాచుకున్నారు. కానీ ఆ రోజు ఊరంతా చాపల మీద కూర్చుని ఆయన చెప్పింది చివరిదాకా విన్నారు. మనం శాలువా తెచ్చుకున్నాం, చాపలు అక్కడే వదిలేశాం.

మనం ఫోటోకి నిలబెట్టే మనుషులు ఏం పని చేస్తారో తెలియాలంటే ఐరిష్ రాజకీయ నాయకురాలు హెలెన్ మెకెంటీని చూడండి. తండ్రి షేన్ మెకెంటీ సహాయమంత్రిగా ఉండగానే 2012 డిసెంబరులో పోయారు. 2013 మార్చి ఉప ఎన్నికలో మీత్ ఈస్ట్ నియోజకవర్గం నుంచి గెలిచి ఆవిడ డాయిల్‌లో, అంటే ఐరిష్ పార్లమెంటు దిగువ సభలో అడుగుపెట్టారు. అప్పటికి 26 ఏళ్లు. 2017 జూన్ నుంచి 2020 జూన్ దాకా యూరప్ వ్యవహారాల సహాయమంత్రి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికెళ్లే బ్రెగ్జిట్ బేరాలు నడిచిన కాలమది. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌తో దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు మీద మళ్లీ చెక్‌పోస్టులు రాకూడదన్నది ఐర్లాండ్ పట్టు. బ్రస్సెల్స్‌లో, లక్సెంబర్గ్‌లో మంత్రుల సమావేశాలకు వెళ్లి, అదే మాట చెప్పి చెప్పి, తక్కిన దేశాలను తమ వైపు నిలుపుకోవడం ఆ పదవిలో పని. కెమెరాలు పెద్దగా పట్టించుకోని పని.

ఇవాళ సరిహద్దుకు ఇటున్న డండాక్ నుంచి అటున్న న్యూరీకి కారు ఎక్కడా ఆపక్కర్లేదు. (ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మాత్రం అటు దాటాలంటే బ్రిటన్ వీసా ఉండాల్సిందే. అడిగేవాళ్లు కనపడలేదని బెల్‌ఫాస్ట్ బస్సెక్కకండి.)

ఆ తర్వాత ఆవిడే న్యాయశాఖ మంత్రి అయ్యారు. మన స్టాంపులు (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి రకాలు), ఐఆర్‌పీ కార్డులు (నివాస అనుమతి కార్డులు), పౌరసత్వం ఫైళ్లు ఆ శాఖవే. పదవిలో ఉంటూ ప్రసూతి సెలవు తీసుకున్న మొదటి ఐరిష్ కేబినెట్ మంత్రి కూడా ఆవిడే, 2021లో. 2023 నవంబరులో డబ్లిన్ అల్లర్ల తర్వాత అవిశ్వాస తీర్మానం పెడితే ఎదుర్కొని నెగ్గారు. ఆవిడ రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. మన ఇళ్లల్లోకి వచ్చే నిర్ణయాలు ఇలాంటివాళ్ల బల్లల మీదే తయారవుతున్నాయి.

కమిటీ వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. వాళ్లకు జీతాలు లేవు, హాలుకు గంటల లెక్కన కట్టాలి, పిల్లలు నెలల తరబడి ప్రాక్టీసు చేశారు. ఒప్పుకుంటాను. అయినా అతిథికి పదిహేను నిమిషాలు ఇవ్వలేకపోతే పిలవొద్దు. 2026 జూలైతో మొదలయ్యే ఆరు నెలలు, సభ్యదేశాల మంత్రులు కూర్చునే యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ అధ్యక్షత ఐర్లాండ్ వంతు. అడిగి తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి అదను ఏముంది?

ఇక్కడి స్థానిక కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుకు పౌరసత్వం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి ఇక్కడ కాపురముంటే చాలు, ఏ దేశం పాస్‌పోర్టయినా సరే. మా అపార్ట్‌మెంట్లలో పదకొండు తెలుగు కుటుంబాలున్నాయి. 2024 జూన్‌లో ఓటేసింది మేమిద్దరమే. తక్కినవాళ్లకు ఓటు ఉందనే తెలియదు. మళ్లీ ఎన్నికలు 2029లో.

వచ్చే ఉగాదికి పచ్చడి గిన్నెల పక్కన ఒక చిన్న బల్ల వేయించండి. నమోదు ఫారాలు, పెన్నులు నేను తెస్తాను.